ఎండాకాలానికో శాలువా

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఏ దేశపు పిల్లో తెలియదు, చల్లగా కూర్చుని తెల్లటి నూలుతో శాలువా అల్లుకుంటోంది, అది వేసవి శాలువా అని కింద రాసి ఉందట. ఎండాకాలంలో శాలువా ఏమిటి అమ్మమ్మా, వీళ్లకి వేరే పని లేదా అని మనవరాలు ఒకటే నవ్వు. నేను కళ్లజోడు సర్దుకుని దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తూనే ఉన్నాను, ఒళ్లో ఖాళీగా ఉన్న నా వేళ్లు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి. ఆ పని నేను యాభై ఏళ్ల కిందటే చేసి కూర్చున్నాను మరి, అదీ నౌపడలో, అదీ నడి వైశాఖంలో, చూసిన ప్రతివాళ్లూ మా మనవరాలు అన్న మాటే అని నవ్వుతూ ఉండగా.

అరవైల చివరి రోజులవి. నాన్నది రైల్వే ఉద్యోగం కాబట్టి స్టేషను వెనకే మా క్వార్టరు, ఇంకాస్త అవతలికి వెళితే ఉప్పు మడులు. అక్కడి గాలి సంగతి అక్కడ పెరిగినవాళ్లకే తెలుస్తుంది, పెదవులు తడుపుకుంటే ఉప్పగా ఉండేది, దండెం మీద ఆరేసిన బట్టలు పెళుసెక్కిపోయేవి, అయినా సాయంత్రమయ్యేసరికి అందరం ఆ గాలి కోసమే గుమ్మాల్లో కూర్చునేవాళ్లం. అందరం అన్నాను గానీ మా అక్క కూర్చునేది కాదు.

అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్దది. చిన్నప్పుడు అన్నం గిన్నె వంచి గంజి వారుస్తుంటే గిన్నె జారి, ఆ మరుగుతున్న గంజి ఆమె కుడి మెడ మీంచి భుజం మీదుగా మోచేయి దాకా పారింది. పుండు మానింది గానీ చర్మం ముడతలు పడి, ఎర్రగా మెరుస్తూ ఉండిపోయింది. చేతులున్న రవిక బిగుతుగా వేస్తే ఒరుసుకుని మండేది, పమిట తిప్పి కప్పుకుంటే జారిపోయేది. అందుకని ఒక ముతక దుప్పటి చింపి కుట్టించుకుని, చలికాలం లేదు, వేసవి లేదు, అదే చుట్టుకుని ఉండేది. ఒకసారి బంధువుల పెళ్లిలో మిట్టమధ్యాహ్నం ఆ దుప్పట్లోనే ఉడికిపోయి పడిపోతే, గాలాడాలని ఎవరో దాన్ని లాగేసి నీళ్లు చల్లారు. తెలివి వచ్చేసరికి చుట్టూ జనం, అందరి కళ్లూ ఆ చేతి మీదే. అప్పటినుంచి అక్క పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేసింది, మేం రమ్మనడమూ మానేశాం.

అలాంటి సమయంలో పిన్నికి పెళ్లి కుదిరింది. పిన్ని అంటే అమ్మకు ఆఖరి చెల్లెలు, మా అక్క ఈడుదే, ఇద్దరూ సాలూరులో మా తాతగారింట్లో కలిసి పెరిగినవాళ్లు, ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లు. పెళ్లికూతురి పక్కన తోడిపెళ్లికూతురు కూర్చోవాలి కదా, ఆ చోటు అక్కకే అని పిన్ని చిన్నప్పుడే మాట తీసుకుందట. ఆ కబురు మోసుకొచ్చింది మా మావయ్య. ఆయన సాలూరు లారీ తోలేవాడు, ఉప్పు ఎత్తుకోవడానికి నౌపడ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో భోజనం చేసి వెళ్లేవాడు. ఆ రోజు చెయ్యి కడుక్కోకుండానే అక్క వైపు తిరిగి, “ఒసే, నువ్వు రాకపోతే నీ సోటు ఖాళీగా ఉంచెస్తాదట మీ పిన్ని. ఇంకెవల్నీ కూకోనివ్వదట. మరేటి సెప్పమంతావు?” అన్నాడు.

పగటి ముహూర్తం, ఎదురుగా హోమం, ఒంటి మీద దుప్పటి, ఆ పిల్ల మళ్లీ పడిపోతుందిరా అని అమ్మ కళ్లు తుడుచుకుంది. నన్నెవరూ అడగకపోయినా నేను మధ్యలో దూరి, దుప్పటి వద్దు, నేను పల్చటి శాలువా అల్లి ఇస్తాను, అది కప్పుకుని కూర్చుంటుంది అనేశాను. మావయ్యకు నవ్వాగలేదు. అక్క మాత్రం నవ్వకుండా, “కప్పుకోడానికి అలాటిదుంటే వస్తాన్లే” అంది. ఆ మాట విన్నాక నా కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. పద్నాలుగేళ్ల పిల్లను, స్కూల్లో కుట్టు పీరియడులో కొక్కెం సూదితో క్రోషా నేర్చుకున్న మాట నిజమేగానీ, అప్పటిదాకా అల్లినవల్లా చెంబు మీద మూతగుడ్డలూ, రేడియో మీద వేసే గుడ్డా. శాలువా అంటే ఏమిటో చూసి కూడా ఎరగను. అయినా మా అక్క పెళ్లికి వస్తుంది, అది నా చేతిలో ఉంది, ఇక నన్నెవరు ఆపుతారు.

బజారు దారం బరువని నాకు తోచింది. మా మేనత్త పొందూరులో రాట్నం వడికేది. వాలుగ చేప దవడతో దూది ఏకి, ఊదితే ఎగిరిపోయేంత సన్నగా నూలు తీసేవాళ్లు ఆ ఊరి ఆడవాళ్లు. నాన్నని పోరి పోరి పంపిస్తే అత్త కొన్ని నూలు చిలపలు ఇచ్చి, ఇంతకు మించి లేదు, చూసుకుని వాడుకోమని చెప్పిందట. ఒంటి పేటతో మొదలుపెడితే కొక్కేనికి తగిలి పుటుక్కున తెగింది. అప్పుడు మూడు పేటలు కలిపి తకిలి మీద పేనుకున్నాను, దారం గట్టిపడింది, కొక్కెం మీద నున్నగా జారింది. మొదట చేప పొలుసుల్లా దగ్గరదగ్గరగా అల్లాను, చూడటానికి బాగుందిగానీ ఎత్తి చూస్తే తువ్వాలంత బరువు, పైగా నూలు మంచులా కరిగిపోతోంది. ఏడుపొచ్చింది. మొత్తం విప్పేసి, ఈసారి గొలుసులు పొడుగ్గా పోసి పెద్ద పెద్ద కళ్లు పెట్టి అల్లాను. ఎంత తేలికైతే అంత గొప్ప అనే పిచ్చి పట్టుకుంది నాకు. అరచేతిలో పెట్టుకుని ఊపిరి వదిలితే కదులుతోందా లేదా అని చూసుకోవడం, కదిలితే గంతులు వేయడం, కూర మాడిపోతే అమ్మ చేత తిట్లు తినడం, ఇదే నా వైశాఖం.

మా వీధిలో చేపలమ్మే ఆవిడ గంప దించి అలసట తీర్చుకుంటూ ఒకనాడు నా పని చూసింది. “ఏటమ్మా, మావోళ్ల వల నువ్వల్లతన్నావేటి? ఇంతేసి కళ్లెడితే ఇందల ఏటి ఆగుతాది?” అంది. గాలి ఆగకూడదనే కదా అల్లుతున్నాను అని ఎగిరిపడ్డాను. ఆవిడ నవ్వుకుంటూ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. అక్క కూడా ఒకసారి వేసుకుని చూస్తానంది, పూర్తయ్యేదాకా ముట్టుకోవడానికి వీల్లేదని నేనే ఒప్పుకోలేదు.

పెళ్లికి బయల్దేరిన రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మావయ్య ఉప్పు బస్తాలు ఎత్తించుకుని లారీ మా గుమ్మంలోకే తెచ్చాడు. అమ్మ ముందు సీట్లో, అక్కా నేనూ పైన బస్తాల మీద తాటాకు చాప పరుచుకుని, రాజుల్లాగ. శాలువాకి ఇంకా అంచు మిగిలి ఉంది. పాలకొండ దాటి కొండలు కనబడే దాకా, లారీ ఎగిరినప్పుడల్లా సూది వేలికి గుచ్చుకుంటున్నా, అల్లుతూనే ఉన్నాను. అక్క దుప్పట్లో చెమటలు కక్కుతూ, మొహం కందిపోయి, వెళ్దామా వెనక్కి పోదామా అన్నట్టు కూర్చుంది. సాలూరు పొలిమేరలో ఆఖరి ముడి వేసి దారం పళ్లతో కొరికేశాను.

పెళ్లికూతురి గదిలో పిన్ని బాసికంతో కూర్చుని ఉంది. అక్క దుప్పటి తీసి పక్కన పెట్టింది. నేను శాలువా విప్పి ఆమె భుజాల మీద వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ప్రతి కన్నులోంచీ ఆ మచ్చ కనిపిస్తోంది. మెడ దగ్గర, భుజం మీద, మోచేయి దాకా, ముడతతో సహా. ఇన్నాళ్లూ గాలి గాలి అని కలవరించానే గానీ, అసలు ఆ శాలువా దేనికోసమో నాకే గుర్తు లేకుండా పోయింది. పిన్ని నా మొహం చూసింది, నేను పిన్ని మొహం చూశాను. బయట సన్నాయి వాయిస్తున్నారు, త్వరగా రమ్మని ఎవరో తలుపు కొడుతున్నారు, నాకు మాత్రం భూమి చీలి అందులో పడిపోతే బాగుండుననిపించింది.

అక్క గోడకున్న అద్దం ముందుకు వెళ్లి నిలబడింది. ఇటూ అటూ తిరిగి చూసుకుంది. దుప్పటి అందుకోబోతుందని నేను కళ్లు మూసుకున్నాను. అంతలో కిటికీలోంచి ఒక తెర గాలి వచ్చి శాలువా అంచు లేచింది. కళ్లు తెరిచి చూస్తే అక్క కదలకుండా, చెయ్యి కొంచెం ముందుకు చాపి నిలబడి ఉంది. “ఎన్నేళ్లకే, నా సేతికి గాలి తగిలింది” అంది. తర్వాత పిన్ని చెయ్యి పట్టుకుని, “లెగు, ముహూర్తం దాటిపోతంది” అంది.

పందిట్లో పీటల పక్కన తోడిపెళ్లికూతురిగా మా అక్క కూర్చుంది. చూసినవాళ్లు చూశారు, గుసగుసలు లేవని అబద్ధం చెప్పను. కానీ తలంబ్రాలయ్యాక మగపెళ్లివారి వైపు పెద్దావిడ ఒకామె వచ్చి, నేరుగా అక్క భుజం మీద వేళ్లు పెట్టి, “ఈ పని ఎవల్దమ్మా? ఏదీ, సరిగ్గా సూడనీ” అంది. ఆ వేళ్లు మచ్చ మీదే ఉన్నాయి, ఆవిడ చూపు మాత్రం అల్లిక మీద ఉంది. ఇంకో ఇద్దరు చేరారు. మా సెల్లి అల్లింది, పొందూరు నూలు అని చెబుతూ అక్క శాలువా తీసి, రెండు చేతులా పట్టుకుని పందిరి సందుల్లోంచి పడే వెలుతురుకి చాపి చూపించింది. నేను ఎంతో గర్వంగా ముందుకు వెళ్లబోయి ఆగిపోయాను. మా అక్క రెండు చేతులూ పైకెత్తి, మెడా భుజం అందరికీ కనిపించేలా నిలబడి, ఆ సంగతే మరిచిపోయి, గొలుసు ఎక్కడ మొదలవుతుందో వాళ్లకి చెబుతోంది. నేను పందిరి రాట పట్టుకుని ఏడ్చేశాను, ఎవరైనా అడిగితే హోమం పొగ అని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో ఆ ముతక దుప్పటి మావయ్య లారీ సీటు మీద పరుచుకున్నాడు. శాలువా పిన్ని మొదటి బిడ్డ ఉయ్యాల మీద కప్పడానికని సాలూరు వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. అక్క అడగనూ లేదు, ఆమెకి దాని అవసరం తీరిపోయింది.

ఇప్పుడు అక్క లేదు, అత్త రాట్నమూ లేదు. ఉప్పు బస్తాల మీద ఎక్కి పెళ్లికి వెళతామంటే నలుగురూ నవ్వుతారు. వైశాఖం వస్తే గాలి కోసం గుమ్మంలో కూర్చోవడం పోయి, తలుపులూ కిటికీలూ బిగించుకుని చల్లటి మిషను పెట్టుకుంటున్నాం, ఆ చలికి భుజాల మీద ఏదో ఒకటి కప్పుకుంటున్నాం. సుఖంగానే ఉంది, కాదనను, కానీ ఒక తెర గాలి ఒంటికి తగిలితే జన్మ ధన్యమైనట్టు నిలబడిపోయిన మనిషిని ఈ మధ్య నేను చూడలేదు.

నిన్న మనవరాలు దారం తెప్పించుకుంది, నవ్విన పిల్లే. నా పక్కన చేరి, మొదటి గొలుసు పోసి, కళ్లు ఎంతెంత పెట్టాలమ్మమ్మా, మరీ పెద్దవైతే లోపలిదంతా కనబడిపోదూ అని అడిగింది. లేచి కిటికీ తెరిచి వచ్చి, పెద్దవే పెట్టవే అని చెప్పాను.