తెర మీద ఎండ

ఆకాశాన్ని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి తెలుగులో గైడు రాసిన వలంటీర్లలో నేనొకదాన్ని. గైడు పూర్తయ్యాక ఓ సాయంత్రం రాజమండ్రిలో గోదావరి గట్టున పదిమందికీ చూపించబోయాం. గైడులో ఉన్నట్టే పక్కింటి పిన్నిగారు తన కొత్త ల్యాప్‌టాప్‌లో నొక్కుకుంటూ పోయారు. పైన చుక్కలు పొడుస్తుంటే, తెర మీద మాత్రం మండుటెండ!

"ఇదేంటమ్మా, మీ దాంట్లో ఇంకా పొద్దు గూకలేదా?" అన్నారావిడ. అందరూ గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తీరా చూస్తే అది వేరే దేశపు ఆకాశం. ముందుగా మన ఊరు ఎంచుకోవాలని గైడులో ఎక్కడా లేదు. మేమంతా ఎప్పుడో ఊరు పెట్టేసుకుని, ఆ సంగతే మరిచిపోయాం.

బాగా అలవాటైన పనే ఇంకొకరికి చెప్పడం కష్టమని ఆరోజు తెలిసింది. ఇప్పుడు మా గైడు ఇలా మొదలవుతుంది: "ముందు మీరెక్కడున్నారో చెప్పండి. ఆకాశం సంగతి తర్వాత."