కాంటా గదిలో ఉండిపోయిన డాస్

1997 జూన్‌లో నన్ను బోధన్ ప్రాంతంలోని ఒక చక్కెర కర్మాగారానికి ఇ.డి.పి. ఆఫీసరుగా వేశారు. ఎలక్ట్రానిక్ డేటా ప్రాసెసింగ్ అన్న మాటకు పొట్టి రూపం ఇ.డి.పి. కంప్యూటర్ల విభాగాన్ని ఆ రోజుల్లో అలాగే పిలిచేవారు. విభాగమంటే నేను, ఇద్దరు గుమస్తాలు, ఒక ఏసీ గది. హోదాలో షిఫ్ట్ కెమిస్టుతో సమానం. కర్మాగారం పేరు ఇక్కడ అవసరం లేదు.

నిజామాబాద్ నుంచి రోజూ పొద్దున బస్సులో వెళ్లేదాన్ని. వానాకాలంలో దారికి రెండు పక్కలా చెరకు బస్సు కిటికీలను దాటి పెరిగేది. పచ్చటి నీళ్ల అడుగున ప్రయాణిస్తున్నట్టుండేది. నవంబరులో ఆ తోటలన్నీ తెల్లటి పూత వేసేవి. మంచులో పూత ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఇంకా రెండు మైళ్ల దూరం ఉండగానే ఉడికే రసం తీపి వాసన బస్సులోకి వచ్చి పక్క సీట్లో కూర్చునేది. ఇప్పటికీ ఆ ఉద్యోగాన్ని తలుచుకుంటే మొదట ఆ వాసనే వస్తుంది, మనుషులు తర్వాత వస్తారు.

నాకు అప్పగించిన పని కొత్త కంప్యూటర్లకు ఏ ఆపరేటింగ్ సిస్టం ఉండాలో సిఫార్సు చేయడం. మనం చేసే పనికీ యంత్రానికీ మధ్య నిలబడి, ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసే ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. అప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. డాస్‌లో బొమ్మలుండవు. నల్లటి తెర మీద అక్షరాలు వస్తాయి, ఒకసారికి ఒకే పని చేస్తుంది. యునిక్స్ ఒక పెద్ద యంత్రానికి పది తెరలు తగిలించి, పదిమందీ ఒకే రికార్డు మీద పనిచేసేలా చూస్తుంది. విండోస్‌లో బొమ్మలు, మౌసు ఉంటాయి, తెలుగు అక్షరాలు కూడా అందంగా వస్తాయి.

నేను హైదరాబాదులో శిక్షణ ముగించుకుని వచ్చిన ఉత్సాహంలో ఉన్నాను. అన్ని విభాగాలకూ విండోసే పెడదామని నాలుగు పేజీల నోట్ రాశాను. అంతటా ఒకటే ఉంటే నేర్పడం సులువు, మరమ్మతు సులువు అన్నది నా వాదన. జనరల్ మేనేజర్ గారు దాన్ని చదివి, చెరకు ఆడే సీజన్ మొదట్లో కాంటా గదిలో ఒక యంత్రం పెట్టి చూడమన్నారు. అది నడిస్తే మిగతావి కొందామన్నారు.

కాంటా అంటే లారీలను, ట్రాక్టర్లను, ఎడ్లబండ్లను తూచే పెద్ద తూకపు వంతెన. రైతు టోకెన్ ఇస్తాడు. నిండు బండి తూచి, చెరకు దింపాక ఖాళీ బండి తూచి, తేడాను చిట్టీ మీద అచ్చువేసి ఇస్తారు. మూడు సీజన్లుగా అక్కడ డాస్ మీద ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తోంది. టోకెన్ నంబరు కొట్టి కీబోర్డు మీద ఒక మీట నొక్కితే కాంటా నుంచి బరువు తెర మీదికి వస్తుంది. ఇంకో మీట నొక్కితే చిట్టీ వస్తుంది. అంతే.

మొదటి షిఫ్టు తూకపు గుమస్తా ఖలీల్ సాబ్. బోధన్ మనిషి, యాభై అయిదు దాటినవాడు, ఇరవై రెండు సీజన్లు ఆ గదిలోనే గడిపినవాడు. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసేవాడు. ఆగస్టులో నేను పెట్టిన శిక్షణకు అందరితో పాటు వచ్చాడు. మౌసు చేతికిచ్చాను. తెర మీది బాణం గుర్తు అంచుకు పోయి ఎక్కడో ఇరుక్కుంది. ఆయన మౌసును బల్ల చివరి దాకా జరిపాడు, ఎత్తి మళ్లీ మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎవరో నవ్వారు. రెండో షిఫ్టు గుమస్తా గంగాధర్ జాలిగా లేచి, ఆయన చేయి పట్టుకుని బాణాన్ని తెర మీది బటన్ మీద పెట్టాడు. ఖలీల్ సాబ్ మెల్లగా చేయి తీసుకుని, "పాతదానికేమైంది మేడం? మంచిగనే నడుస్తుండె గదా" అని బయటికి వెళ్లిపోయాడు. కొత్తదానికి జంకే పెద్దమనిషి అనుకున్నాను. అలాంటివాళ్ల గురించి నా నోట్‌లో ఒక పేరా కూడా ఉంది.

నవంబరులో గానుగ మొదలైంది. మొదటి రోజు పొద్దున నేను కాంటా గదిలోనే ఉన్నాను. మంచులో బండ్ల వరస ఎంతదాకా ఉందో కనబడలేదు. ఎడ్ల మెడగంటలు మాత్రం దూరంనుంచి వినిపించాయి. మిల్లు పెద్ద మోటారు తిరగగానే కరెంటు ఒక్క క్షణం కుంగింది. దీపాలు ఎర్రబడి మళ్లీ వెలిగాయి. కొత్త యంత్రం ఆగిపోయి, మళ్లీ లేచి, హఠాత్తుగా ఆగినందుకు తన డిస్కంతా తనిఖీ చేసుకోవడం మొదలుపెట్టింది. అది దాని తప్పు కాదు, దాని జాగ్రత్త. కానీ కాంటా మీద నిండు బండి ఉంది. తనిఖీ పూర్తయ్యేలోపు మోటారు రెండోసారి ఆగి తిరిగింది, యంత్రం మళ్లీ మొదటికొచ్చింది. కోసిన చెరకు నిలవున్న కొద్దీ ఎండి బరువు తగ్గుతుంది. బయట రైతుల గొంతులు లేచాయి.

ఖలీల్ సాబ్ లేచాడు. మూలన గుడ్డ కప్పి పెట్టిన పాత యంత్రాన్ని బల్ల మీదికెక్కించి, తీగలు తడుముకుంటూ తగిలించాడు. అది కళ్లు తెరవడానికి ఒక గ్లాసు చాయ్ పోసేంత సేపు కూడా పట్టలేదు. మధ్యాహ్నంలోగా వరస కదిలిపోయింది.

ఓడిపోయిన మనసుతో మర్నాడు పొద్దంతా ఆ గదిలోనే కూర్చున్నాను. ఏం జరుగుతుందో ఊరికే చూద్దామని. ఖలీల్ సాబ్ కిటికీలోంచి గట్టిగా అడిగేవాడు: "నంబరు చెప్పు బాపూ." రైతు చెప్పేవాడు. ఈయన నంబరు కొడుతూ మళ్లీ పైకి చదివేవాడు. "సహీనా?" రైతు సహీ అన్నాకే మీట నొక్కేవాడు. చిట్టీ వచ్చాక రైతు చేతికిచ్చి, నంబరూ బరువూ అతనిచేతే చదివించేవాడు. చదువు రాకపోతే వెనక బండివాణ్ని పిలిచి చదివించేవాడు. చేతులు మీటల మీద నీళ్లలో చేపల్లా కదిలేవి. రెండు మీటల మీద చిన్న లక్క బొట్లు కనిపించాయి, శాంపిల్ సంచులకు సీలు వేసే ఎర్ర లక్క. మురికి అనుకుని నేను వెనకటి రోజే గోరుతో గీకబోయాను.

పదకొండింటికి రెంజల్ వైపు నుంచి సాయవ్వ అనే పెద్దామె బండి వచ్చింది. గొంతు పోయిందని సైగ చేసి టోకెన్‌ను కిటికీ చట్రం మీద పెట్టింది. ఖలీల్ సాబ్ నవ్వుమొహంతో ఎదురుచూస్తూ, "నంబరు చెప్పవ్వా" అన్నాడు. టోకెన్ ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన మళ్లీ అడిగాడు. నేను లేచి నంబరు చదివాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను గదిలో ఉన్న సంగతే మరిచిపోయినట్టున్నాడు. తర్వాత మామూలుగానే కొట్టాడు, కానీ ఆ ఒక్కసారి "సహీనా" అని అడగలేదు.

భోజనాల వేళ బండ్లు లేనప్పుడు, టోకెన్ ఎదురుగా ఉన్నా నంబరు ఎందుకు అడిగారని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కిటికీ బయట ఆవిరి, మంచు కలిసి తోటల మీదికి పోతున్నాయి.

"మూడు సీజన్ల నుంచి నాకు పొద్దంతా పొగమంచే మేడం," అన్నాడు. "మీ మొఖం ఉన్నది, కండ్లెక్కడున్నయో ఎరుకలేదు. తెర మీద ఏదో మెరుస్తది, గంతే. లక్క బొట్లు పెట్టుకున్న, మీటలు నా వేళ్లకు ఎరుక. నంబరు రైతు నోటికి ఎరుక. పని తప్పుపోలే మేడం, ఒక్కటన్న తప్పుపోయిందా అడుగుండ్రి ఎవర్నన్న."

అడగక్కర్లేదు, రికార్డులు నా దగ్గరే ఉన్నాయి. మూడు షిఫ్టుల్లో అతి తక్కువ దిద్దుబాట్లున్నది ఆయన షిఫ్టే. ఆ లెక్కను నేను జూన్‌లోనే చూశాను, ఎందుకో ఆలోచించలేదు.

"మీ రిపోర్టుల నా కండ్ల ముచ్చట రాయకుండ్రి. అన్‌ఫిట్ అంటే ఇంట్ల కూసోవెడ్తరు" అన్నాడు. ఏ సిస్టం అన్నది ఒక సంగతి, కాంటా దగ్గర కూర్చునే మనిషి చూపు వేరే సంగతి అని చెప్పాను. రైతు ఏడాది పంట ఆ కిటికీ ముందునుంచే పోతుందనీ, తెలిసి దాచలేననీ అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కరుకుగా వినిపించింది. ఆయన చొక్కా అంచు సర్దుకుని అడిగాడు: "మీరు రాస్తే ఫిర్యాదు అయితది. నేనే పోయి చెప్తే ఏమైతది?"

మర్నాడు ఆయనే వెళ్లి జనరల్ మేనేజర్ గారికి చెప్పాడు. నేను తోడు వెళ్లలేదు, రమ్మని ఆయన అడగలేదు. నిబంధన ప్రకారం ఆ పూటే ఆయన్ను కాంటా నుంచి తప్పించి, గేటు దగ్గర వరసగా టోకెన్ నంబర్లు కేకవేసి పిలిచే పనిలో పెట్టారు. ఉద్యోగం పోలేదు. కానీ ఆ నెలంతా నేను గేటు దాటుతున్నప్పుడు, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆయన సలాం చెప్పేవాడు. అది నాకు కష్టంగా ఉండేది.

మొదటి షిఫ్టుకు గంగాధర్ వచ్చాడు. కళ్లు చురుకైన మనిషి. టోకెన్ చూసి టకటకా కొట్టేవాడు, నోరు విప్పేవాడు కాదు. వారం తిరక్కుండానే ఒక బండి బరువు ఇంకొకరి పేరున పడింది. పట్టుకున్నది సాయవ్వే. అప్పటికి ఆమె గొంతు తిరిగొచ్చింది. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, "ఖలీల్ సాబ్ ఉంటే నంబరు పిలిసి అడుగుతుండె. గీ పిలగానికి నోరు లేదా?" అంది. గంగాధర్ తలవంచుకున్నాడు. ఆ సాయంత్రమే వెళ్లి, గేటు దగ్గర ఖలీల్ సాబ్ పక్కన కూర్చుని, ఎట్లా పిలవాలో అడిగి తెలుసుకున్నాడు. నంబరును పైకి చదివి రైతుచేత అవుననిపించాకే తూకం పట్టాలన్నది తర్వాతి వారం మూడు షిఫ్టులకూ లిఖితపూర్వక ఉత్తర్వు అయింది.

నా నోట్‌ను వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. ఈసారి కాంటా గదిలో డాస్ ఉండాలన్నాను. అక్కడ చేసేది ఒకే పని, కరెంటు కుంగితే వెంటనే లేవాలి, చేయి మీట మీంచి కదలకూడదు. చెరకు విభాగంలో ఆరుగురు గుమస్తాలు ఒకే రైతుల రిజిస్టరులో కోత ఆర్డర్లు రాస్తారు. అంతకు ముందు ఎవరి నకలు వారిదే కావడంతో ఒకే తోటకు రెండు ఆర్డర్లు పోయేవి. వారికి యునిక్స్ రాశాను. విండోస్ ప్రయోగశాలకు, జనరల్ మేనేజర్ గారి ఆఫీసుకు మాత్రమే మిగిలింది. రసం నాణ్యత గ్రాఫులకు, తెలుగు నోటీసులకు అంతకంటే మంచిది అప్పుడు లేదు. మూడు రకాలైతే నాకు మూడింతల పని అని జనరల్ మేనేజర్ గారు గుర్తుచేశారు. నిజమే అయింది. ఒక్కొక్క రోజు ఒకదాని ఆదేశాలు ఇంకోదానికి కొట్టి తెల్లబోయేదాన్ని.

సీజన్ ముగిశాక ఖలీల్ సాబ్ నిజామాబాద్‌లో కంటిపొరలకు ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎడమ కన్ను బాగా వచ్చింది, కుడికన్ను అంతంతమాత్రం. పరీక్ష చేసి, కాంటా పనికి తీసుకోవచ్చని డాక్టర్లు రాసిచ్చారు. నవంబరులో మళ్లీ కాంటా గదికొచ్చి యంత్రం ముందు కూర్చున్నాడు. తెర వెలగగానే వెనక్కి జరిగి చూశాడు. "గీ అక్షరాలు ఇంత పచ్చగుంటయా మేడం? తోట లెక్కనే ఉన్నది" అన్నాడు. తర్వాత అద్దాలు తుడుచుకుని కిటికీలోంచి నంబరు చెప్పమని పిలిచాడు. చూపు వచ్చినా పిలవడం మానలేదు. రిటైరయ్యే దాకా ఆ గదిలోనే పనిచేశాడు. డాస్ ఆయన తర్వాత కూడా రెండు సీజన్లు నడిచింది.

తర్వాతి ఉద్యోగకాలంలో చాలాచోట్ల ఇలాంటి సిఫార్సులు రాశాను. మొదటి పేజీలో ఏ సిస్టం పేరూ పెట్టలేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఒకేసారి ఎంతమంది, పని ఆగితే ఎవరు ఎదురుచూడాలి అన్నవి రాసేదాన్ని. అవి తెలియాలంటే ఒక పూట అక్కడ కూర్చోవాలి. అవి తెలిశాక సిస్టం ఎంచడానికి పెద్దగా సమయం పట్టదు.