ఇంద్రసేనయ్య పేరిట ఒక పనిముట్టు

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, పత్తి మీద మనసు నిలవని మనిషి ఇంద్రసేనయ్య. పొద్దున పూట తమ్ముడు తిమ్మయ్యతో పాటు మండీలో కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ అటువైపు పోయేవాడు కాదు. ఇంటి వెనక, ఒకప్పుడు పత్తి బోరాలు వేసుకున్న రాతిగది ఒకటి ఉండేది. అందులో దూరితే దీపాలు పెట్టే వేళకే బయటికి రావడం.

గుంతకల్లులో రైలు డ్రైవరుగా చేసి, సామానంతా అమ్ముకుని ఇంగ్లండుకు పోతున్న ఒక దొర దగ్గర ఇంద్రసేనయ్య కాలితో తొక్కే లేతు మిషను కొన్నాడు. ఇనుప కడ్డీని తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం అది. దాన్ని వాడడం ఎవరూ నేర్పలేదు. బిలాతీ నుంచి నెలనెలా యంత్రాల పత్రిక ఒకటి వచ్చేది. ఇంగ్లీషు అంతంత మాత్రమే గనక బొమ్మలు చూసి నేర్చుకున్నాడు. ఆకురాళ్లకు పిళ్లు, చిన్న చిన్న పట్టకార్లు, ఇనుప ముక్కను కదలకుండా పట్టే చేతి బిగింపులు, వెంట్రుక మందం కొలిచే కొలతముట్టు చేశాడు. ఒక్కటీ అమ్మలేదు. “సెట్టి ఇంట్లో కమ్మరి పుట్టినాడు” అని బజారంతా నవ్వుకునేది.

కన్యకమ్మ చిప్పగిరి నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది 1929లో, పదహారేళ్ల వయసులో. పిల్లలు కలగలేదు. భర్త కోపిష్ఠి కాదు, ఒక్క కసురు మాట అనలేదు. అసలు మాటే తక్కువ. ఇనుపరజను కాళ్లకు గుచ్చుకుంటుందని మజ్జిగ చెంబు గడప దగ్గరే పెట్టి వచ్చేసేది. కాపురానికి వచ్చిన రెండో ఏట ఒకసారి ధైర్యం చేసి అడిగింది.

“ఏం చేస్తాండారు?”

“పనిముట్టు.”

“దేనికి?”

“ఇంకో పనిముట్టు చేసేదానికి.”

ఆమెకు నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వింది. ఆయన తలెత్తి చూసి, ఎందుకు నవ్విందో అర్థంకాక మళ్లీ పనిలో పడ్డాడు. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ ఇంట్లో ఆమెకు సద్దే తోడు. తొక్కుడు చప్పుడు, ఆకురాయి గీరుడు, సన్న సుత్తి దెబ్బ విని, ఆయన ఇప్పుడు ఏ పనిలో ఉన్నాడో వంటింట్లోంచే పోల్చుకునేది. పదకొండేళ్ల కాపురంలో ఆయన గురించి ఆమెకు తెలిసింది దాదాపు అంతే.

1941 మాఘంలో ఇంద్రసేనయ్యకు జ్వరం తగిలింది. నాలుగోనాటికి మాట పడిపోయింది. ఆరోనాడు పోయాడు.

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లాక ఇంట్లో ఆ చప్పుడు లేదన్న సంగతి ఆమెకు తెలిసింది. పగలంతా చెవులు దిబ్బెళ్లు పడినట్టు ఉండేది. మూడు నెలలకు మరిది తిమ్మయ్య వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాడు.

“వదినా, యుద్ధమొచ్చి ఇనుము దొరకడం ల్యా. ఆ గదిలో సామాను అడుగుతాండారు. గది ఖాళీ అయితే మనకు బోరాలు వేసుకునేదానికీ అయితాది.”

తిమ్మయ్య చెడ్డవాడు కాదు. అన్న పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అతనే.

“కొన్ని దినాలు ఉండనీయప్పా” అంది.

ఆ కొన్ని దినాల్లోనే ఎమ్మిగనూరు నుంచి శేషన్న వచ్చాడు. నలభై ఏళ్ల సాలె మనిషి, చేతిలో చిన్న గుడ్డమూట. వీధి అరుగు దగ్గర నిలబడి, “సెట్టి ఉండాడామ్మా?” అని పిలిచాడు. సంగతి అతనికి తెలియదు. పనిమనిషి చెప్పగానే అరుగు మీద కూలబడ్డాడు.

కన్యకమ్మ తలుపు చాటున నిలబడి, ఏం పని మీద వచ్చావని అడిగించింది. అతను మూట విప్పాడు. పాత గొడుగు కమ్మీని సానపట్టి, కొస వంచి చేసిన కొక్కెం అది. మగ్గంలో పడుగు దారాలను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి చట్రాన్ని పన్నె అంటారు. దాని పండ్ల సందుల్లోంచి దారం లాగడానికి చేసుకున్నాడు.

“సెట్టికి సూపిద్దామని తెచ్చినానమ్మా. వంగిపోయిన పన్నె పండ్లు సరిచేసేదానికి ఒక పట్టకారు చేసిస్తానన్యాడు ఆయప్ప. నెలనెలా సంతనాడు మా ఇంటికి వస్తాండె. ఆ దినం మగ్గం నిలిపేసి, పొద్దు గూకేదాకా ఒకటే మాటలు, నవ్వులు.”

“ఎవరు మాట్లాడేది?” కన్యకమ్మ పనిమనిషిని పక్కకు జరిపి తనే అడిగింది.

“సెట్టేనమ్మా. నోరు మూస్తే గదా! మా ఆడోళ్లు ఆయప్పను సూసి, వాగుడుకాయ సెట్టి వచ్చినాడని నవ్వుతాండిరి.”

భర్త నెలనెలా ఎమ్మిగనూరు పోవడం ఆమెకు తెలుసు. వ్యాపారం పని అనుకునేది. గొంతు తగ్గించి అడిగింది.

“నన్ను గురించి ఏమన్నా చెప్పినాడా?”

శేషన్నకు అబద్ధం చేతకాదు. “పనిముట్ల సంగతేనమ్మా ఎప్పుడూ” అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. గదిలో పడుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చనిపోయినందుకు ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఆ మాటలన్నీ ఆయన దగ్గర ఉండేవి. తనకే దక్కలేదు.

బయటికి వచ్చేసరికి శేషన్న ఇంకా అరుగు మీదే ఉన్నాడు, బస్సు వేళ కోసం. ఆమె తాళం చెవి తీసుకుని రాతిగదికి పోయి, అతన్ని గడప దగ్గరికి పిలిపించింది. మొదటిసారి లోపల అడుగు పెట్టింది. ఇనుపరజను నిజంగానే కాళ్లకు గుచ్చుకుంది. బిగింపులో సగం చేసిన పట్టకారు ఒకటి ఉంది.

“ఇదేనా నువ్వు చెప్పింది?”

“ఇదేనమ్మా.”

“మిగతా సగం నీకు చేతనవుతాదా?”

“అయితాది. అయితే ఈ మిషన్లు నా దగ్గర ల్యావు.”

“ఈడ చేసుకో.”

అలా శేషన్న నెలకొకసారి రావడం మొదలైంది. అతను గడప మీద కూర్చుని పని చేసేవాడు. ఆమె లోపల నిలబడి, గోడకు తగిలించిన ఒక్కొక్క ముట్టూ చూపించి ఇది దేనికి, అది దేనికి అని అడిగేది. కాల్చిన ఉక్కు ఎండుగడ్డి రంగుకు తిరిగినప్పుడు నీళ్లలో ముంచితే పదును నిలుస్తుందని, ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే కోస్తుందని, వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదని నేర్చుకుంది. ముప్పై ఏళ్లు రాకుండానే విధవ అయిన మనిషి వెనక గదిలో పరాయివాడితో ఏం మాట్లాడుతోందని ఏరాలు, తిమ్మయ్య భార్య, సణిగింది. తిమ్మయ్య మధ్యాహ్నం పూట తనూ అక్కడే ఒక కుర్చీ వేసుకుని కూర్చోసాగాడు. మూడో మనిషి ఉన్నాడంటే ఊరికి అనడానికి ఏమీ ఉండదు.

ఒకరోజు శేషన్న అన్నాడు: “సెట్టి ఒక మాట అంటాండెనమ్మా. మంచి సీర నేసినోనికి శాలువ కప్పుతారు, మగ్గంలో దారం అటూ ఇటూ తోసే నాడె సేసినోని పేరు ఎవురికీ తెలీదు అని.”

కన్యకమ్మ తిమ్మయ్య వైపు తిరిగింది.

“ఒక కాగితం రాసిపెట్టప్పా.”

ఏడాది గడిచి సంవత్సరీకం అయ్యాక, 1942 దసరాకు ముందు ఆ కాగితాలు ఆదోని బస్సులు నిలిచే చోట, ఎమ్మిగనూరు సంతలో అంటించారు. ‘కీర్తిశేషులు ఇంద్రసేనయ్య స్మారక బహుమతి. తన చేత్తో పనిముట్టు చేసి, దానితో ఆరు నెలలు పని చేసినవారు ఎవరైనా ఆయుధపూజ నాడు తీసుకురావచ్చు. అమ్మకానికి చేసినవి తేరాదు. కులం, ఊరు అడగము. బాగున్నదానికి ఇంద్రసేనయ్య గారు చేసిన పనిముట్టు ఒకటి ఇవ్వబడును.’

“నవ్వుతారు వదినా” అన్నాడు తిమ్మయ్య, రాస్తూనే.

ఆ ఏడు ఎవరూ నవ్వలేదు, ఎవరూ రాలేదు. లేతు మిషనుకు పూలదండ వేసి, బహుమతిగా ఇవ్వాల్సిన చేతి బిగింపును తమలపాకు మీద పెట్టి, ఆమె సాయంత్రం దాకా కూర్చుంది. వీధిలో మేళతాళాలు పోయాయి. పూలు వాడిపోయాక బిగింపు తుడిచి మళ్లీ గోడకు తగిలించింది.

మరుసటి ఏడు నలుగురు వచ్చారు. తిమ్మయ్య సంబరపడి, బహుమతి తేల్చడానికి ఊరి పెద్దలను పిలిచాడు. వచ్చినవాళ్లలో జిన్నింగు మిల్లు మేస్త్రీ ఒకడు ఇత్తడితో చిన్న ఆవిరి ఇంజను చేసుకొచ్చాడు. నీళ్లు పోసి స్పిరిటు వెలిగిస్తే అరచేయంత చక్రం గిర్రున తిరిగింది, సన్నగా కూత కూడా వేసింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. “ఇంక సూసేదేముంది, దీనికే” అన్నారు.

తలుపు చాటు నుంచి కన్యకమ్మ గొంతు వినిపించింది. “అది ఏం పని చేస్తాది?”

మేస్త్రీ తడబడ్డాడు. “తిరుగుతాదమ్మా.”

“తిరిగి?”

అప్పుడామె తలుపు దాటి వసారాలోకి వచ్చింది. విధవ పదిమంది మగవాళ్ల ముందుకు ముసుగు మాత్రం వేసుకుని వచ్చి నిలబడడం ఆ వీధిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. చివర్లో కూర్చున్న హాలహర్వి రైతు ఓబన్న ముందు ఉన్న ముట్టును చేతిలోకి తీసుకుంది. విరిగిన బండిపట్టా ముక్కతో చేసిన పట్టకారు. ఎద్దు గిట్టలో దిగిన తుమ్మముల్లు లాగడానికి చేసుకున్నాడు. కొసల్లో సన్న గాడి కోశాడు, ముల్లు జారకుండా, విరగకుండా. పట్టుకునే చోట అరిగి నున్నబడి ఉంది. కన్యకమ్మ తలుపు చెక్కలో సగం విరిగి ఉన్న మేకును దానితో పట్టి లాగింది. మేకు ఊడి వచ్చింది.

“ఇది” అంది.

పెద్దలు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఓబన్న బిగింపు అందుకుని, దానికి దండం పెట్టాలో ఆమెకు పెట్టాలో తెలియక రెండింటికీ పెట్టాడు.

ఆ తర్వాత ఊళ్లో ఏ కార్యమైనా ఆమెతో ఎవరూ మాట కలిపేవారు కాదు. అసలే విధవ, అంతంత మాత్రం పిలుపులు, అవీ ఆగిపోయాయి. ఏరాలు ఆమె పొయ్యి వేరు పెట్టించింది. కానీ మరుసటి దసరాకు ఆ మిల్లు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంజను తేలేదు. జిన్ను కత్తులు వంకర పోకుండా సానపట్టే చట్రం తెచ్చాడు. “పోయినేడు మీరడిగిన మాట ఏడాదంతా నా చెవిలోనే ఉండెనమ్మా” అన్నాడు. బహుమతి అతనిదే.

1945లో నూలు కరువై మగ్గాలు నిలిచిపోయాయి. ఎమ్మిగనూరులో చాలామంది లాగే శేషన్న కూడా షోలాపూరు మిల్లుకు బయలుదేరాడు. పోయేముందు చెప్పడానికి వచ్చి, గోడ మీద ఖాళీలు చూశాడు.

“అన్నీ ఇచ్చేస్తే మీకేం మిగుల్తాదమ్మా?”

“ఈడ ఉంటే తుప్పు పడ్తాయి శేషన్నా.”

“నేనుండి తుడుస్తాంటిని గదా” అని, తను పోతున్న సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాడు. షోలాపూరు నుంచి ఒక కార్డు వచ్చింది, ఎవరిచేతో రాయించింది. మిల్లులో పనిముట్టు పాడైతే వేరేవాళ్లు వచ్చి బాగుచేస్తారని, తనను ముట్టనీయరని రాయించాడు. ఆమె జవాబు రాయించింది. రెండో కార్డు రాలేదు.

ఆ తర్వాత ఉక్కు గురించి మాట్లాడడానికి మనిషి లేడు. తిమ్మయ్య కుర్చీ కూడా ఎప్పుడో తీసేశాడు, అవసరం లేక. ఆమె ఒక్కతే లేతు తొక్కేది. పాత ఆకురాళ్లకు పిళ్లు మార్చేది. తొక్కుడు చప్పుడు మళ్లీ ఇంట్లో వినిపించేది. ఈసారి వంటింట్లో కూర్చుని దాన్ని పోల్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

1948లో తుంగభద్ర అవతల నైజాములో గొడవలు. దసరా నాటికి అవి సద్దుమణిగినా, బస్సులు ఎప్పుడొస్తాయో ఎప్పుడు రావో తెలియదు. ఆయుధపూజ నాడు ఒక్కరూ రాలేదు. ఆమె తాళం వేసి, ఒక్కతే అన్నం తిని పడుకుంది.

మర్నాడు విజయదశమి మధ్యాహ్నం వీధి తలుపు తట్టిన చప్పుడు. దుమ్ము కొట్టుకున్న కంబళి కప్పుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చిప్పగిరి నుంచి వచ్చాడట, పేరు మాదన్న, గొర్ల బొచ్చు కత్తిరించే మనిషి.

“బస్సు దొరకల్యామ్మా. నడిచి, బండెక్కి, మళ్లీ నడిచి వచ్చినా. పూజ నిన్ననే అయిపాయె గదా. ఊరికే సూపించిపోదామని.”

చిప్పగిరి ఆమె పుట్టింటి ఊరు. అక్కడ తనవాళ్లు ఎవరూ మిగల్లేదు. కనుక ఊరి సంగతులు అడగలేదు.

“ముట్టు తెచ్చినావా? రా అప్పా, కూచో.”

కత్తెర రెక్కను ఒకే వాలులో పట్టి ఉంచి పదును పెట్టుకునే కొయ్యచట్రం అది. అంచుకు ఇనుప రేకు. ఆమె వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

“ఈ మేకు కదుల్తాండాది.”

“కదుల్తాదమ్మా. వారానికొకసారి కొట్టుకుంటా.”

“మేకు కాదు, మర వెయ్యాల.”

ఆమే లేతు తొక్కి సన్న మరమేకు ఒకటి కోసి, చట్రానికి బిగించింది. పని జరిగినంతసేపూ ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. వాలు ఎంత ఉండాలని ఆమె, తడి బొచ్చుకు ఒక పదును, పొడి బొచ్చుకు ఒక పదును అని అతను. తర్వాత గోడ చూపించి, నీకు పనికొచ్చేది తీసుకో అంది. మాదన్న చాలాసేపు చూసి ఒక ఆకురాయి తీసుకున్నాడు. పొద్దు వాలుతుండగా చంకలో చట్రం పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే కన్యకమ్మ తిమ్మయ్యను పిలిపించి, వచ్చే ఏటి కాగితంలో ఇంకో మాట చేర్చమంది.

“ఏమని?”

“తేదీ దాటినా రావచ్చు, ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను అని.”

“బహుమతి కాగితంలో అట్ల రాయరు వదినా.”

“రాయప్పా” అంది కన్యకమ్మ.

తిమ్మయ్య రాశాడు.