గుమ్మం ముందు చెప్పులు

హైస్కూలు ఆయాకి అక్షరం ముక్క రాదు గానీ, పదో తరగతి గుమ్మం ముందున్న చెప్పులు చూసి ఏ పిల్ల డుమ్మా కొట్టిందో చెప్పేస్తుంది. చదువుకున్న పంతులమ్మ మాత్రం తలెత్తదు, ఎవరు పలికినా హాజరు వేసేస్తుంది. ఇస్త్రీ బండామె కూతురి చెప్పులు రోజూ ఉంటున్నాయి, లెక్కల్లో మాత్రం సున్నా వచ్చింది. అనుమానమొచ్చి ఆయా లోపలికి తొంగి చూస్తే పిల్ల లేదు. ఆ చెప్పులు చంకన పెట్టుకుని వీధి చివరున్న బండి దగ్గరికి పోయింది. పిల్ల ఉత్తకాళ్లతో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమే, వచ్చే నెల పబ్లిక్ పరీక్ష కూడా ఇవే రాస్తాయా?"

"అమ్మకి చెయ్యి కాలింది అత్తా. బండి ఆగితే ఎలా?"

ఆయా చెప్పులు కింద పడేసి, "తొడుక్కో" అంది. మర్నాటి నుంచి పిల్ల క్లాసులో ఉంది. బడిలో తను కొట్టే బెల్లుకీ బెల్లుకీ మధ్య ఇస్త్రీపెట్టె ఆయా చేతిలో ఉంది.