బానెట్ మీద మిస్త్రీ చెయ్యి

మా మనుమరాలిని తొట్టెలలో వేసే పండుగ నాడు, పేడాల డబ్బా నా చేతిలో ఉండగానే కారు బాగుచేసే మిస్త్రీ పోయాడన్న కబురు వచ్చింది. నస్పూర్ రోడ్డు మీది తన షెడ్డులో సాసర్‌లో చాయ్ పోసుకుని, తాగకుండానే పక్కకు ఒరిగిపోయాడట. ఆయన కోసం వేరుగా తీసిపెట్టిన నాలుగు పేడాలు అట్లాగే ఉండిపోయాయి.

ఇరవై ఒక్క రోజులుగా కనబడ్డవాళ్ళనల్లా ఆపి నా సంతోషం చెప్పుకుంటున్న ముసలివాణ్ణి నేను. ఏడో తరగతి చదువు, బొగ్గు బాయిలో ముప్పై ఏండ్ల నౌకరీ. రాయడం నా పని కాదు. కానీ ఈ పసిపిల్ల మా ఇంట్లో ఏడుస్తున్నదంటే అందులో మిస్త్రీ చెయ్యి ఉంది. అది చెప్పకుండా నేను ఉండలేను.

రిటైరైన ఏడాది ఒక పాత పెట్రోల్ కారు కొన్నాను. ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం చేసిన ఒక సేటుది. ఆయన మిల్లుకు పోతూ పోతూ ఆ కారు వెనక సీట్లోనే ప్రాణం విడిచాడని కొన్న తర్వాత తెలిసింది. తెలియక ముందు నుంచే ఆ బండికి ఒక గుణం ఉంది. తాళం తిప్పి, తీసి, జేబులో వేసుకున్నా ఇంజన్ ఆగేది కాదు. గుడుక్కు గుడుక్కుమని తనంతట తానే కాసేపు నడిచి, ఒక్క ఊపు ఊగి, నిట్టూర్చినట్టు ఆగేది. ఒకనాడు వెనక కూర్చున్న నా బిడ్డ మెల్లగా అన్నది: "బాపూ, నా పక్కనుంచి ఎవరో దిగినట్టయింది."

ఆ మాటకు నా భార్య వారం రోజులు బండి ఎక్కలేదు.

బిడ్డకు అప్పటికే రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు కరీంనగర్ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "బస్సు ఎక్కద్దు, కుదుపులు తగలద్దు. నెలనెలా నాకు చూపియ్యాలె." కాబట్టి కారు ఉండాల్సిందే. సరిగ్గా అప్పుడే ఆ కారుకు పదిహేనేండ్లు నిండాయి. పొగ పరీక్ష పాసైతేనే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేస్తామన్నారు. తీసుకుపోతే మీటరు ముల్లు ఆ చివరికి పోయి అక్కడే నిలబడింది. ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందయ్యా, బొగ్గు బాయిని ఎంట తెచ్చుకున్నవా? పది రోజులు టైమిస్తున్న. గప్పటికీ గిట్లనే ఉంటే గీ బండి రోడ్డు మీద కనవడద్దు."

డాక్టరమ్మ పిలిచిన రోజు సరిగ్గా పదకొండో రోజు.

మిస్త్రీ షెడ్డుకు అట్లా పోయాను. మనిషి నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. షెడ్డు లోపల చెప్పులు వేసుకునేవాడు కాదు. ముందు బండిని స్టార్ట్ చేసి విన్నాడు. తాళం తీశాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళు లేచి దూరం జరిగారు. ఆయన మాత్రం బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అది ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"తాళం తీసినా నడుస్తుందంటే లోపల యాడనో నిప్పు కణిక కూసున్నది తమ్మీ. మసి పేరుకపోయి ఎర్రగైతది. దాంతోనే కాలుకుంట నడుస్తది."

"మరి సేటు కాదా?" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సేటు ఉన్నడో లేడో నాకు తెల్వది. మసి అయితే ఉన్నది. ముందు దాన్ని ఎల్లగొడ్దం."

ఇంజన్ గాలి పీల్చుకునే డబ్బా మూత విప్పి, లోపల చెయ్యి పెట్టి, నల్లటి గుడ్డ మూట ఒకటి బయటికి లాగాడు. నా తల కిందికి వాలిపోయింది. దర్గాలో ఇచ్చిన ఊది అది. బిడ్డ ఎక్కే బండి కదా, ఊపిరి పోయే చోట ఊది ఉంటే గాలీ ధూళీ లోపలికి రావని నేనే పెట్టాను. అది చాలదన్నట్టు శుక్రవారం శుక్రవారం ఆ డబ్బా మూతికి సాంబ్రాణి పొగ కూడా పట్టాను.

"ముక్కు కాడ మూట పెట్టి, పైనుంచి పొగ పడ్తివి," అన్నాడు మిస్త్రీ. "దానికి దమ్మాడకుంటే ఎన్క నుంచి పొగ రాక పూలొస్తయా? సేటు గిన నిజంగనే లోపలున్నా దగ్గుకుంట దిగిపోతుండె గదనే!"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఆ మూటను పారేయలేదు. దులిపి, కొత్త గుడ్డ చుట్టి, ముందు అద్దానికి కట్టాడు. "గిది బిడ్డ కండ్ల ముందట ఉండాలె," అన్నాడు.

ఇంజన్ విప్పి నాలుగు రోజులు మసి గీకాడు. గీకిన మసిని పారబోయకుండా పాత కాగితంలో పొట్లం కట్టాడు. బిగించాక సన్నటి స్క్రూ పావు చుట్టు తిప్పడం, కళ్ళు మూసుకుని వినడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. ఒక పూటంతా అదే పని. "బండి అబద్ధమాడది తమ్మీ. మనమే దాని మాట మనకు నచ్చినట్టు ఇంటం" అనేవాడు.

పదో రోజు పొద్దున తనే వచ్చాడు. చల్లటి బండిని మీటరు దగ్గరికి తీసుకుపోవద్దు, ముందు బాగా నడిపి వేడి చేయాలన్నాడు. బిడ్డ కూడా వస్తానన్నది. ముగ్గురం గోదావరి వంతెన దాకా పోయాం. అక్కడ తాళం తీశాడు. బండి టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే నాకు భయమేసింది. అన్ని నెలల గుడుక్కు గుడుక్కుకు ఎన్నడూ అంత భయపడలేదు.

మిస్త్రీ మసి పొట్లం నా చేతిలో పెట్టాడు. "సేటు తిరిగిన తొవ్వంతా దీంట్లనే ఉన్నది. నీళ్ళల్ల ఇడువు."

విడిచాను. కాగితం విచ్చుకుంది. మసి నీళ్ళ మీద మనిషి పడుకున్నంత పొడుగు సాగి, కాసేపు వంతెన నీడలోనే ఉండి, అప్పుడు కదిలింది. వెనక్కి వస్తే మిస్త్రీ మళ్ళీ బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. వేడి ఇనుము చల్లబడుతూ లోపల టిక్కు టిక్కుమంటున్నది.

"ఇంకా ఏం చూస్తున్నవ్ మిస్త్రీ? టైమైతుంది."

"జర ఆగు. పని చేసిన దాన్ని చప్పుడు ఆగకముందే ఒంటరిగ ఇడ్సిపోవద్దు."

ఆఫీసు దగ్గర ముల్లు వణికి, సగం దాకా లేచి, గీతకు కిందనే ఆగింది. "గిది గా బండేనా, మార్చి తెచ్చినవా?" అన్నాడు ఆఫీసరు. నేను మిస్త్రీని అందరి ముందూ కావలించుకున్నాను. నా తెల్ల అంగీ అంతా గ్రీజు. వెనక సీట్లో నా బిడ్డ తన పక్క చోటును చేత్తో తడిమి చూసింది.

"బాపూ, ఇప్పుడు ఇక్కడ ఎవ్వరు లేరు," అన్నది. అని, ఆ చెయ్యే తన కడుపు మీద పెట్టుకుంది.

తర్వాత ప్రతి నెలా కరీంనగర్ పోయాం, వచ్చాం. ఒక్కసారి కూడా బండి దారిలో ఆగలేదు. చలికాలం మొదట్లో బిడ్డ, బిడ్డకు బిడ్డ, ఇద్దరినీ అదే సీట్లో ఇంటికి తెచ్చుకున్నాను. ఇంత సంతోషం ఈ వయసులో నాకు రాసి ఉందని నేను అనుకోలేదు.

మిస్త్రీని సాగనంపడానికి నడిచే పోయాను. తొట్టెల పనుల్లో పడి అప్పటికి మూడు రోజులుగా కారు తీయలేదు. తెల్లవారి లేచి చూస్తే వాకిట్లో బండి నిండా మంచు పట్టి ఉంది, బానెట్ మీద ఒక్క చోట తప్ప. అక్కడ ఐదు వేళ్ళు, ఒక అరచెయ్యి. గ్రీజు చెయ్యి మరక మీద మంచు నిలవదని నాకు తెలుసు. అయినా ఈ ఎనిమిది నెలల్లో ఆ బండిని నేనెన్నిసార్లు కడిగానో కూడా నాకు తెలుసు.

తుడవలేదు. ఆ అచ్చులోనే నా చెయ్యి పెట్టాను. లోపల ఎక్కడో సన్నగా టిక్కుమన్నది. కాసేపటికి మళ్ళీ ఒకసారి. ఇంట్లో మనుమరాలు లేచి ఏడుస్తున్నది, నా భార్య పిలుస్తున్నది. వస్తున్నానన్నాను గానీ, ఆ చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.