అరసెకను తినే బొటనవేలు

ఇరవై ఆరేళ్లుగా కాలేజీలో పరుగు నేర్పుతున్న ఆయన్ని పిల్లలు వాచీ సారంటారు. మెడలో స్టాప్‌వాచ్ లేనిదే గుమ్మం దాటడు. పొయ్యి మీద పాలు పెట్టినా బొటనవేలు మీట మీదికే పోతుంది. "పాలు ఎంతసేపట్లో పొంగాయో చెప్తారు గానీ, పొంగేలోపు దింపరు కదా!" అంటుంది భార్య. ఆ వేలికి ఇంకో గుణం కూడా ఉంది. ఒళ్లు దాచుకోకుండా కష్టపడే పిల్ల ముగింపు గీతకు రెండు బారల దూరంలో ఉండగానే అది మీట నొక్కేస్తుంది. "పన్నెండు పాయింట్ ఎనిమిది! శభాష్!" అని అరుస్తాడు. పిల్ల మొహం చాటంతవుతుంది. దాన్ని ఆయన అబద్ధమనడు, ఉత్సాహమంటాడు.

మొన్న కాలేజీల పోటీలో ముగింపు గీత దగ్గర టైము తీసే కెమెరా పెట్టారు. ఎప్పుడూ ఆ పన్నెండు ఎనిమిది వినే పొడుగు పిల్ల వంద మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తింది. బోర్డు మీద పదమూడు పాయింట్ ఒకటి పడింది. ఆరో స్థానం. బూట్లు కూడా విప్పకుండా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఇవాళ నాకేమైంది సార్?"

ఆయన బోర్డు వైపు చూశాడు. వేలు తినేసే అరసెకను కలిపితే రోజూ ఆమెది పదమూడు పాయింట్ మూడు. ఇవాళ్టంత వేగంగా ఆ పిల్ల ఎన్నడూ పరుగెత్తలేదు. ఆ సంగతి తెలిసినవాడు మైదానంలో ఆయనొక్కడే.

"కంగారు పడ్డావమ్మా," అన్నాడు.

ఆమె తల వంచుకుంది. "సారీ సార్. మీ పరువు తీసేశాను."

ఆయన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.