ఖాలా పాటలో మూడు పిలుపులు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు పదేళ్ల నాలుగు నెలలప్పుడు, బెల్లంపల్లిలో మా బొగ్గుబావి కాలనీ అంతా ఒకే పాట వినేది. పాడింది మా పక్కింటావిడ; అందరం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో పాడినా ఎవరికీ పట్టని ఆమె, యాభై ఆరో ఏట హైదరాబాదు వెళ్లి గ్రామఫోను ప్లేటుకు పాడి వచ్చింది. బావిలోకి దిగిన భర్తను పైనుంచి భార్య పిలిచే పాట. షిఫ్టు దిగినవాళ్ల కోసం చౌరస్తా హోటల్లో రోజూ అదే వేసేవారు. అప్పట్లో ఆడవాళ్లు హోటల్లో కూర్చునేవారు కాదు. ఖాలా ఇంట్లో గ్రామఫోను లేదు. అందుకని తన ప్లేటును ఆమె ఎన్నడూ వినలేదు. నేను మాత్రం రోజూ బయట నిలబడి వినేదాన్ని. హోటలు గడియారం చూసి, పాట మూడు నిమిషాల పది సెకన్లని లెక్క కూడా కట్టాను.

ఆ ఏడాది కార్మికుల సభలో ఖాలాను వేదిక ఎక్కించారు. చివరి చరణంలో ఆమె “ఇంటికి రా” అని ఒక్కసారి పిలిచి ఆగింది. హార్మోనియం కూడా ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు తప్పుగా తోచింది. ముందు వరుసలోంచి లేచి అరిచాను.

“ఖాలా, మరిచినవ్! మూడుసార్లు పిలవాలె!”

జనం గొల్లున నవ్వారు.

“పిల్ల చెప్పింది నిజమే! ప్లేట్ల మూడుసార్లున్నది!”

“ముసల్దయింది, యాదికి లేదు!”

“ప్లేట్ల ఉన్నట్టు పాడు ఖాలా, లేకుంటే దిగు!”

ఖాలా నావైపు ఒకసారి చూసి, మూడుసార్లు పిలిచింది. ఈలలు వేసి మళ్లీ అడిగారు. మళ్లీ మూడుసార్లు పిలిచింది. నేను గర్వంగా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆమె నా చెయ్యి పట్టుకుని హోటలుకు నడిచింది. గడప దాటకుండానే, “జర నా ప్లేటు పెట్టు భయ్యా” అన్నది. పాట చివరి చరణానికి వచ్చేసరికి సూది “ఇంటికి రా” దగ్గర చిక్కుకుని, అదే మాట మూడుసార్లు పలికించింది. హోటలాయన వేలితో సూదిని ముందుకు నెట్టాడు.

“గీత పడ్డది ఖాలా. సూది గాడనే ఆగుతది. జనానికి గట్లనే మంచిగ అనిపిస్తది,” అని నవ్వాడు.

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తిరిగి వస్తూ దారిలో ఒక్క మాట అన్నది.

“మా ఆయనను బావిల నుంచి పైకి తెచ్చిన దినం నేను ఒక్కసారే పిలిచిన బిడ్డా. గంతల్నే మొఖం మీద గుడ్డ కప్పిండ్రు. రెండోసారి ఎవల్ని పిలువాలె?”

ఆ తర్వాత ఆమె ఏడేళ్లు సభల్లో పాడింది. ఆ సభల్లో పదకొండింటికి నేను వెళ్లాను. పదకొండింటిలోనూ జనం మూడు పిలుపులు అడిగారు, ఆమె పిలిచింది. నేను నోరు విప్పలేదు.

ఇప్పటికీ ఎవరి తప్పయినా కంటబడితే నా నాలుక ముందుకు ఉరుకుతుంది. పట్టి ఆపుకుంటాను. ఆ రోజు నా లెక్క తప్పలేదు. ఆ సరైన లెక్కతోనే, చనిపోయిన మనిషిని ఆమె చేత ఒక్క సాయంత్రంలో ఆరుసార్లు పిలిపించాను.